జేజి మాట, బడి చార్టు: కడప హైస్కూళ్లలో తెలుగు ప్రాజెక్టులు

ఫార్మేటివ్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే కడపలో స్కూళ్ల పక్కనుండే జిరాక్స్ అంగళ్ల ముందు పిల్లలు గుంపు కడతారు. "అన్నా, అన్నమయ్య ఒకటియ్యన్నా", "సామెతలు రెండు పేజీలన్నా" అని అడుగుతారు. అంగడాయన కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు ముందే ఉంటాయి. రంగు బొమ్మ ఒకటి, జీవిత విశేషాలు ఒక పేజీ, చివర ముగింపు అని నాలుగు వాక్యాలు. వాటిని చార్టుకు అంటించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బార్డరు గీసి సారుకు ఇస్తే తెలుగు ప్రాజెక్టు అయిపోయినట్టే. ఆ పేజీ టైపు చేసిన మనిషి అన్నమయ్య పుట్టిన తాళ్లపాకను ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. దాన్ని అంటించిన పిల్లకు మాత్రం రాజంపేట పక్కనున్న ఆ ఊరు బాగా తెలిసి ఉండొచ్చు, మేనత్తను అక్కడికే ఇచ్చి ఉండొచ్చు. తాళ్లపాక తిరనాళ్ల గురించి మేనత్త చెప్పే మాటలు పదిమందికి వినిపించదగ్గవి. ప్రాజెక్టులో మాత్రం ఆమెకు చోటుండదు.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతి మన హైస్కూళ్లలోకి వచ్చినప్పుడు ఒక్కో ఫార్మేటివ్‌లోని 50 మార్కులను నాలుగు ముక్కలు చేశారు. తరగతిలో పాల్గొన్నందుకు 10, రాత పనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు 20. ఆలోచన మంచిదే. కానీ ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, ఆరేడు సబ్జెక్టులు. లెక్కేస్తే ఒక్కో పిల్లవాడి నెత్తిన ఏడాదికి పాతిక దాకా ప్రాజెక్టులు పడతాయి. పాతిక పనుల్లో దేన్నీ ఎవరూ మనసు పెట్టి చేయలేరు. యాభై అరవై మంది ఉన్న సెక్షన్‌లో వాటిని చదివి దిద్దడం టీచరుకూ అయ్యే పని కాదు. అందుకే చార్టు బాగా పనికొచ్చింది. దూరం నుంచి చూసి మార్కు వేయొచ్చు.

తెలుగుకు మిగతా సబ్జెక్టులకు లేని వీలు ఒకటుంది. సైన్సు ప్రయోగానికి సామాను కావాలి, సోషల్‌కు అట్లాసు కావాలి. తెలుగు ప్రాజెక్టుకు కావాల్సిన సామాను పిల్లవాడి ఇంట్లోనే, వీధిలోనే నడుస్తూ మాట్లాడుతూ ఉంది. కాబట్టి భాషా ప్రాజెక్టును ఒక్క ప్రశ్నతో తేల్చొచ్చు. పాఠ్యపుస్తకంలోనూ, నెట్‌లోనూ, జిరాక్స్ అంగట్లోనూ దొరకనిది ఏదైనా పిల్లవాడు బడికి తెచ్చాడా? తెచ్చి ఉంటే అది ప్రాజెక్టు. కడప జిల్లాలో అలాంటివి తేవడానికి ఉన్నన్ని అవకాశాలు చాలా చోట్ల ఉండవు.

మడక, పదును, ఎర్రగడ్డ

1820లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తోటతో సహా ఒక బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఆ బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలోనే ఇప్పుడు ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఉంది. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. 1854లో తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు వేరే నిఘంటువు వేశాడు. కడప పిల్లలకు ఈ సంగతులు పాఠంగా తెలుసు. బ్రౌన్ పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం బట్టీ పడతారు. ఆయన చేసిన పనిని చిన్న ఎత్తున వాళ్ల చేత చేయించడం మాత్రం అరుదు.

చేయించడానికి ఒక్క పీరియడు చాలు. టీచరు బోర్డు మీద ‘నాగలి’ అని రాసి, "మీ ఇండ్లల్లో దీన్నేమంటారు?" అని అడిగితే ‘మడక’ అని వస్తుంది. ‘ఉల్లిపాయ’ అంటే ఎర్రగడ్డ, ‘వెల్లుల్లి’ అంటే తెల్లగడ్డ, ‘మరమరాలు’ అంటే బొరుగులు. ‘కొంచెం’ అని రాస్తే రోంత అంటారు. ఆ ‘రోంత’ లోపల ‘రవ్వంత’ దాగుందని ఎవరో ఒక పిల్ల కనిపెడుతుంది, ఆమెకు ఆ రోజు పండగే. ముప్పావు గంటలో నలభై మాటలు బోర్డు మీద చేరతాయి. వెనక బెంచీ పిల్లలు ముందు మాట్లాడే పీరియడు ఇది. సేద్యం ఇండ్ల నుంచి, గొర్రెలు మేపే ఇండ్ల నుంచి వచ్చే పిల్లల దగ్గరే మాటలు ఎక్కువ ఉంటాయి.

అసలు చదువు దీని తర్వాత మొదలవుతుంది. ఒక్కో పిల్లవాడు ఒక మాట తీసుకుని నిఘంటువులో ఎక్కించే తీరుగా రాయాలి. మాటను పలికినట్టే రాయాలి. అర్థం చెప్పాలి. ఆ మాట విన్న వాక్యం ఒకటి, విన్నది విన్నట్టు రాయాలి. చెప్పిన మనిషి వయసు, పని, ఊరు రాయాలి. ఇందులో కష్టమైనది అర్థం చెప్పడం.

‘పదును’ అనే మాట తీసుకుందాం. పుస్తకంలో కత్తికి పదును ఉంటుంది. కడప రైతు నోట పదును నేలకు ఉంటుంది. వాన పడిన మరుసటి పొద్దున చేను చూసొచ్చి "పదునైంది" అంటే ఇక మడక కట్టొచ్చని. పిల్లవాడు మొదట "పదును అంటే తడి" అని రాసుకొస్తాడు. టీచరు అడగాలి: "ఇంట్లో బిందె ఒలికి బండలు తడిస్తే పదునైందంటారా?" అనరు. "మరి చేనికి మోటారుతో నీళ్లు కట్టినా తడిసేదే కదా, దాన్నీ పదునే అంటారా?" పిల్లవాడికి తెలియదు, ఇంటికి పోయి అడిగి వస్తాడు. మరుసటి రోజు దుక్కి పదును వేరు, విత్తే పదును వేరు అనే సంగతి మోసుకొస్తాడు. చివరికి వాడు రాసే వాక్యం "వాన వల్ల నేల దున్నడానికో విత్తడానికో సరిపోయేంత లోతుగా తడవడం" లాంటిది అవుతుంది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి చేరడానికి మూడు రోజులు పట్టింది. ఒక మాటకు హద్దు గీయడం, ఉదాహరణలతో దాన్ని పరీక్షించడం, సరిపోని అర్థాన్ని కొట్టేసి మళ్లీ రాయడం, ఇవన్నీ ఆ మూడు రోజుల్లో జరిగాయి. వ్యాస రచన ఎలాగో చెప్పే పది పాఠాల కంటే ఇది ఎక్కువ నేర్పుతుంది.

హాస్టళ్లలో ఇంకో రకంగా చేయొచ్చు. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఒకే గదిలో నాలుగైదు మండలాల పిల్లలు పడుకుంటారు. వేరుశనగను ఒకరు శెనక్కాయ అంటే ఒకరు చెనిక్కాయ అంటారు, కర్నూలు వైపు నుంచి వచ్చిన పిల్ల బుడ్డలంటుంది. జిల్లా మ్యాపు గీసి, ఒక్కో మాటకు ఒక్కో రంగు పెట్టి, ఏ ఊరి పిల్ల ఏమందో గుర్తులు పెడితే చూస్తుండగానే భాష హద్దులు తేలుతాయి. పెద్ద పరిశోధకులు పల్లెపల్లెకూ తిరిగి చేసే పని ఇది. హాస్టలులో రాత్రి అన్నాలయ్యాక ఒక గంటలో దీనికి మొదలు పడుతుంది.

పరభాషా మాటల కోసం కడప దాటాల్సిన పని లేదు. నవాబులు ఏలిన ఊరు, ఈ రోజుకూ ఇంటింటా ఉర్దూ వినిపించే ఊరు. అర్జీ, రసీదు, దస్తావేజు, తకరారు లాంటి సర్కారు కచేరీ మాటలను ఒక గుంపు పోగేయొచ్చు. రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఊరిని ‘బేచిరాకు’ గ్రామం అని రాస్తారు. ఆ మాటకు మూలంలో అర్థం ‘దీపం లేనిది’. ఆఫీసు కాగితంలో ఇంత కవిత్వం ఉందని తెలిస్తే తొమ్మిదో తరగతి పిల్లలు తహసీల్దారు ఆఫీసును వేరే కంటితో చూస్తారు. ఉర్దూ ఇంట్లో మాట్లాడే పిల్లలు ఈ గుంపులో పెద్దలవుతారు. తెలుగు క్లాసులో వాళ్లకు అలాంటి చోటు మామూలుగా దొరకదు.

ఇక్కడ చాలామంది టీచర్లకు ఒక భయం ఉంటుంది. యాస రాయిస్తే పరీక్షలో కూడా అదే రాస్తారేమో అని. ‘యాడికి’ అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టడం ఆ భయంలోంచి వచ్చిందే. కానీ ఆ సున్నా వల్ల పిల్లవాడికి అందేది మా ఇంటి మాట తప్పు అన్న సంగతి ఒక్కటే. వ్యాసానికి ఒక భాష, కొటేషన్ గుర్తుల మధ్య ఇంకో భాష అని తేడా చెప్పి రాయిస్తే పిల్లలు రెంటినీ కలగాపులగం చేయరు. పైగా తాము మాట్లాడేదానికీ రాసేదానికీ తేడా ఎక్కడుందో చెవితో పట్టుకున్న పిల్లలకు ప్రామాణిక భాష తొందరగా పట్టుబడుతుంది. తేడా తెలియనివాళ్లే తడబడతారు.

అడగడం నేర్పాలి

"మీ తాతలను, అవ్వలను అడిగి తెలుసుకోండి" అని పాఠాల చివర ఉంటుంది. ఎలా అడగాలో మాత్రం ఎక్కడా ఉండదు. పిల్ల ఇంటికి పోయి, ఇక్కడ జేజి అని పిలిచే అవ్వతో, "జేజీ, మీ కాలంలో పరిస్థితులు ఎట్లుండేవి?" అంటుంది. "బాగుండేవమ్మీ" అని జేజి పని చూసుకుంటుంది. అక్కడికి ఇంటర్వ్యూ అయిపోయింది.

అదే పిల్ల, "పెండ్లయిన కొత్తల్లో చేనికి సద్దికి ఏం కట్టుకుపోయేదానివి జేజీ?" అని అడిగితే మాట ఆగదు. సంగటి ముద్ద వస్తుంది, ఊరిబిండి వస్తుంది, సద్ది మూట ఏ చెట్టు కొమ్మకు తగిలించేవాళ్లో వస్తుంది, ఆ ఏడు వానలు పడకపోతే ఏం తిన్నారో వస్తుంది. పెద్ద ప్రశ్నకు చిన్న జవాబు, చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు. ఈ గుట్టు పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు, చేసి చూడాలి.

దానికి బడిలోనే మంచి దారి ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మను, ఆమెకు ఇష్టమైతేనే, ఒక పీరియడు తరగతికి పిలవొచ్చు. రోజూ అన్నం పెట్టే మనిషి, పిల్లలకు బెరుకు ఉండదు. ముందు రోజే తలా రెండు ప్రశ్నలు రాసుకొచ్చి, అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలను తరగతిలోనే కొట్టేయాలి. ఆమె మాట్లాడుతున్నంత సేపూ ఎవరూ ఏమీ రాయకూడదు, వినాలి. ఆమె వెళ్లాక పది నిమిషాల్లో ఎవరికి గుర్తున్నది వాళ్లు రాయాలి. తర్వాత ఐదుగురి రాతలు చదివిస్తే చాలు. ఒకరు ఆమె మాటను పుస్తకం మాటగా మార్చేసి ఉంటారు, ఒకరు ఆమె చెప్పని బాధను చేర్చి ఉంటారు, ఒకరు ఆమె నవ్విన చోటును వదిలేసి ఉంటారు. ఆమె "ఇరవై మంది పిల్లోళ్లకు రెండు శేర్లు" అంటే ఒకరు బియ్యం అని, ఒకరు కందిబేడలు అని రాసి ఉంటారు. విన్నదానికీ రాసినదానికీ మధ్య ఏం జారిపోతుందో తరగతి మొత్తానికీ ఒకేసారి కనిపిస్తుంది. మరుసటి రోజు ఆమెకే చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోవాలి. తన మాట తప్పుగా రాస్తే దిద్దే హక్కు చెప్పిన మనిషికి ఉందని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. జర్నలిజం కోర్సుల్లో చెప్పే పాఠమే ఇది, ఎనిమిదో తరగతిలో నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇలా చెవి తయారైన పిల్లలను పద్యాల మీదికి పంపొచ్చు. కడప వైపు ఇండ్లలో అక్షరం రాని అవ్వలకు కూడా నాలుగైదు వేమన పద్యాలు నోటికొస్తాయి. వాటిని అడిగి, వాళ్లు చదివినట్టే రాసుకొచ్చి, పుస్తకంలోని పద్యం పక్కన పెడితే ఒకటి రెండు మాటలు తేడాగా ఉంటాయి. ఏది సరైనది? 1829లో వేమన పద్యాలను మొదటిసారి అచ్చు వేసినప్పుడు బ్రౌన్ ముందున్న ప్రశ్న కూడా ఇదే. ఒక్కో రాతప్రతిలో ఒక్కో రకంగా ఉన్న పద్యాల్లోంచి ఎంచుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఛందస్సు నేర్చుకునేది పరీక్షలో మార్కుల కోసం. ఇక్కడ ఛందస్సుకు నిజమైన పని దొరుకుతుంది. అవ్వ చెప్పిన పాదంలో గణం తప్పిందా, అచ్చులో తప్పిందా అని లెక్కేసి చూడొచ్చు. ఒక్కోసారి అవ్వ మాటే గణానికి సరిపోతుంది.

ఊరి పేరు వెనక

ఊరి పేరు మీద ప్రాజెక్టు చాలా బడుల్లో ఇస్తారు. ఫలితం ఒక్క కథతో ఆగిపోతుంది. పులివెందుల అంటే పులుల మందల అని, కడప అంటే తిరుమలకు గడప అని. ఈ కథలు తప్పని కొట్టేయాల్సిన పని లేదు, కానీ కథ దగ్గర ఆగితే అది సగం పని.

కథకుడు కేతు విశ్వనాథరెడ్డి డాక్టరేట్ కోసం పరిశోధన చేసింది కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే. అంటే ఈ పనికి దారి చూపించినవాడు ఈ జిల్లా మనిషే. హైస్కూలు పిల్లలు ఆ స్థాయిలో చేయలేరు గానీ ఆ తీరులో చేయగలరు. నోటు పుస్తకంలో పేజీని మూడు గడులు చేయాలి. జనం చెప్పేది ఒక గడిలో, ఎక్కడైనా రాసి ఉన్నది రెండో గడిలో, కంటికి కనిపించేది మూడో గడిలో. ఎర్రగుంట్ల పేరులో గుంట ఉంది, జమ్మలమడుగు పేరులో మడుగు ఉంది. ఆ గుంట, ఆ మడుగు ఇప్పుడున్నాయా? పూడిపోయి ఉంటే ఏ వీధి కింద ఉన్నాయి? జమ్ము గడ్డి వల్ల ఆ పేరొచ్చిందంటారు, పెన్న ఒడ్డున జమ్ము ఎక్కడైనా కనిపిస్తుందా? మూడో గడి నింపడానికి పిల్లలు నడవాలి.

రెండో గడికి కైఫీయత్తులు పనికొస్తాయి. కంపెనీ అధికారి కర్నల్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ అడిగి రాసుకున్న స్థానిక చరిత్రలవి. కడప జిల్లావి అచ్చులో ఉన్నాయి. తన ఊరి కైఫీయత్తులో ఇప్పుడు తను ఆడుకునే చెరువు పేరు కనిపిస్తే ఒక పిల్లకు కలిగే సంబరం మామూలుది కాదు. ఆ భాష మొదట్లో మింగుడు పడదు, వాక్యం ఒక పేజీ దాకా సాగుతుంది. టీచరు పక్కన కూర్చుని ఒక పేరా చదివిస్తే చాలు, తర్వాత వాళ్లే లాక్కుపోతారు. ఆ పొడుగు వాక్యాన్ని ఇప్పటి తెలుగులో ఐదు చిన్న వాక్యాలుగా రాయమంటే అది గద్యానికి మంచి కసరత్తు కూడా అవుతుంది.

పేర్ల రాత కూడా మారుతుంటుంది. ఇంగ్లీషు కాగితాల్లో కడప పేరు బ్రిటిష్ వాళ్లు పెట్టిన స్పెల్లింగుతోనే చాలా కాలం నడిచింది, 2005లో దాన్ని మన పలుకుబడికి దగ్గరగా మార్చారు. పాత రైల్వే టికెట్టు, పాత మార్కుల కార్డు, తాతగారి భూమి పత్రం ఇంట్లో వెతికి ఆ పేరు ఎన్ని రకాలుగా రాశారో చూపించడం ఆరో తరగతి పిల్లలు కూడా చేయగల చిన్న పని.

కలమళ్ల గురించి విడిగా చెప్పాలి. ఎర్రగుంట్ల మండలంలోని ఈ ఊరి గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా చెబుతారు. దాని కాలం సుమారు క్రీ.శ. 575. ఎరికల్ ముతురాజు ధనంజయుడు రేనాటిని (ఈ సీమకు పాత పేరు రేనాడు) ఏలుతుండగా వేసింది. ‘ఏలు’ అనే మాట అందులో ‘ఏళన్’ అని కనిపిస్తుంది. పద్నాలుగు వందల ఏళ్ల నాటి మాట ఈ రోజు పిల్లల నోట ‘ఏలిక’ అనో, "ఏలుకోవయ్యా" అనే భజన పాటలోనో బతికే ఉంది. శాసనం ఫోటో ఒకటి తరగతికి తెచ్చి, ఏ అక్షరమైనా ఇప్పటిదానిలా ఉందేమో పోల్చుకోమంటే పిల్లలు కళ్లు చిట్లించి వెతుకుతారు. ఒక పీరియడుకు అది చాలు. బస్సు వేసి తీసుకుపోయి సెల్ఫీలు దిగి రావడం కన్నా ఆ ఫోటో ముందు గడిపిన పీరియడులో ఎక్కువ చదువుంది. రెండూ కుదిరితే మరీ మంచిది.

ఆట, అర్జీ

నాటకీకరణ అని పాఠ్యపుస్తకం అన్నదాన్ని చాలా చోట్ల ఇద్దరు పిల్లలు లేచి సంభాషణను అప్పజెప్పడంగా చేస్తారు. దానికి బదులు తోలుబొమ్మలాటలోని కేతిగాడినీ బంగారక్కనూ పాఠంలోకి దింపొచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా బతికి ఉంది. కథ గంభీరంగా నడుస్తుండగా వీళ్లిద్దరూ వచ్చి ఊరి సంగతులు మాట్లాడిపోతారు. పాఠంలో రాజు దానం చేసే ఘట్టం ఉంటే, దాని మధ్యలో కేతిగాడు వచ్చి ఏమడుగుతాడు? పిల్లలు ఆ పది మాటలు రాయాలంటే పాఠం లోతుగా అర్థం కావాలి. పాత ఆటల్లో వీళ్ల మాటల్లో మోటుతనం ఎక్కువ, బడికి పనికొచ్చేది ఏదో టీచరు ముందే గీత గీసి చెప్పాలి. అట్ట ముక్కలు, వెనక దుప్పటి, ఒక బల్బు ఉంటే ఆట అయిపోతుంది. చెక్కభజన వచ్చిన పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, ఆ దరువుకు కొత్త చరణం కట్టమంటే మాత్రలు లెక్కపెట్టడం దానంతట అదే వస్తుంది.

లేఖా రచన గురించి ఒక్క మాట. ఊహించిన స్నేహితుడికి ఊహించిన విహారయాత్ర గురించి రాసే లేఖ పదేళ్లు రాస్తారు. నిజమైన మనిషికి ఒక్క అర్జీ రాయరు. బడి ముందు బస్సు ఆగడం లేదనో, మరుగుదొడ్డికి నీళ్లు లేవనో పంచాయతీకి రాయించాలి. ఎవరికి రాయాలి, మొదట ఏది చెప్పాలి, కోపం ఎంత చూపాలి, ఏ తేదీలు రాయాలి అన్నవి తరగతిలో తేల్చుకుని, ఐదు చిత్తుప్రతుల్లోంచి ఒకటి ఎంచి, హెడ్మాస్టర్ అనుమతితో నిజంగా పంపాలి. జవాబు వస్తే బోర్డు మీద పెట్టాలి. రాకపోతే నెల తర్వాత గుర్తు చేస్తూ రెండో అర్జీ రాయాలి, అది మొదటిదానికంటే కష్టమైన రచన.

ఏడాదికి ఒక్కటి, ఒంటరిగా

గుంపు పనులతో అలవాటు పడ్డాక, తొమ్మిదో తరగతిలో ఒక్కో విద్యార్థి ఒక్కటే స్వతంత్ర ప్రాజెక్టు చేస్తే సరిపోతుంది. పదో తరగతిలో పరీక్షల టెన్షన్ పట్టుకుంటుంది, అప్పుడు వద్దు. దసరా సెలవుల ముందు మొదలుపెట్టి సంక్రాంతి తర్వాత ముగిస్తే పండగలకు వచ్చే చుట్టాలు కూడా కలిసొస్తారు. నాలుగు ఫార్మేటివ్‌లకూ ఈ ఒక్క పనినే నాలుగు మెట్లుగా చూపించొచ్చు. మొదటిదానికి ప్రశ్న, రెండోదానికి నోటు పుస్తకం, మూడోదానికి చిత్తుప్రతి, నాలుగోదానికి తుదిప్రతి.

ప్రశ్న దొరకడమే సగం ప్రాజెక్టు. ‘మా ఊరి బావులు’ అనేది శీర్షిక అవుతుంది, ప్రశ్న కాదు. ‘మా ఊరి కపిల బావిని ఎప్పుడు, ఎందుకు వదిలేశారు?’ అనేది ప్రశ్న. ఎద్దులను తోలి నీళ్లు తోడే బావి అది. కపిల తోలేటప్పుడు పాడిన పాటలు ఎవరికైనా గుర్తున్నాయా అనేది దాని పక్కన పుట్టే రెండో ప్రశ్న, తెలుగు క్లాసుకు ఇంకా దగ్గరిది. సాయంత్రం బడి విడిచాక బయట తిరగడానికి ఆడపిల్లలను ఇంట్లో పంపరు. వాళ్ల ప్రశ్న ఇంట్లోనే దొరికేలా చూడాలి. మొహరం నెలలో, ఉగాది రోజున ఇంట్లో ఏమేం చేస్తారు, ఏమని పిలుస్తారు అనేది మంచి ప్రశ్న. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు బారులు తీరి వచ్చే ఊరిది. ఆ ఉదయం గురించి రెండు ఇండ్ల వాళ్లు తమ తమ మాటల్లో ఏం చెబుతారో పక్కపక్కన రాస్తే చాలు, అలాంటి వ్యాసం ఏ నెట్‌లోనూ దొరకదు.

రెండు హెచ్చరికలు తప్పనిసరి. సామెతలు పోగేయమంటే కులాలనూ ఆడవాళ్లనూ కించపరిచే సామెతలు గుట్టగా వస్తాయి. ఊళ్ల పేర్లలో, వాడల పేర్లలో కూడా కులం ఉంటుంది. వాటిని చదివి నవ్వుకుని వదిలేస్తే ఆ కులం పిల్లవాడు ఆ బెంచీ మీదే కూర్చుని ఉంటాడు. ముందే చెప్పాలి: అలాంటివి చార్టు మీదికి రావు, కావాలంటే ఆ మాట ఎవరు ఎవరి మీద ఎందుకు కట్టారో తరగతిలో గౌరవంగా మాట్లాడుకుందామని. ఆ చర్చ జరిపే ధైర్యం టీచరుకు లేకపోతే సామెతల పని ఇవ్వకపోవడమే మేలు. రెండోది, ఊరి తగాదాల జోలికి, పాత కక్షల జోలికి పిల్లలను పంపకూడదు. పెద్దవాళ్లతో మాట్లాడుతుంటే ఆ సంగతులు వాటంతట అవే వస్తాయి. అక్కడ పెన్ను మూసి వేరే ప్రశ్నకు పోవాలని పిల్లలకు నేర్పి పంపాలి. ఈ సీమలో అది ఉత్త మర్యాద కోసం చెప్పే మాట కాదు, పిల్లల క్షేమం.

కాపీ భయం ఈ రోజుల్లో ఎక్కువైంది. ఫోనును అడిగితే ఏ అంశం మీదైనా నున్నటి వ్యాసం రాసిస్తుంది. మార్కులు వేసే తీరు మార్చితే దాని అవసరం సగం తగ్గుతుంది. ప్రాజెక్టుకు 10 మార్కులు అనుకుంటే 5 నోటు పుస్తకానికి ఇవ్వాలి. తేదీలు, కొట్టివేతలు, నూనె మరకలు ఉన్న నోటు పుస్తకానికి. 2 తుదిప్రతికి చాలు. మిగతా 3 నోటి పరీక్షకు: "ఈ మాట నీకెవరు చెప్పారు? చెప్పేటప్పుడు ఏం పని చేస్తున్నారు? నువ్వు అనుకున్నది తప్పని ఎక్కడ తెలిసింది?" నిజంగా పోయి అడిగిన పిల్ల ఈ ప్రశ్నలకు తడుముకోదు, పైగా ఆపమన్నా ఆపదు. అందమైన చార్టు తెచ్చి ఈ మూడింటికీ జవాబు లేని పిల్లను తిట్టాల్సిన పని లేదు. ఇంకో వారం గడువిచ్చి, ఒక్క మనిషి దగ్గరికి పంపితే సరిపోతుంది.

పూర్తయిన పనులను ఏం చేయాలి అన్నది చివరికి మిగిలే చిక్కు. ఇప్పుడు చార్టులు స్టాఫ్ రూము బీరువా మీద ఏడాది ఉండి, వేసవిలో చెదలు పట్టి పోతాయి. తెల్ల కాగితాల మీద రాయించి, సెక్షన్ మొత్తాన్ని ఒకే పుస్తకంగా కుట్టించి, బడి లైబ్రరీ రిజిస్టరులో నంబరు వేసి ఎక్కించాలి. బైండింగుకు పెద్ద ఖర్చేమీ కాదు. మాటలు చెప్పిన జేజిలకు, ఆయమ్మలకు వాళ్ల మాటలున్న పేజీల జిరాక్స్ ఒకటి ఇవ్వాలి, ఆ అంగడి అప్పుడు నిజంగా పనికొస్తుంది. వచ్చే ఏడు తొమ్మిదిలోకి వచ్చే పిల్లలకు మొదటి పనిగా ఆ పుస్తకమే చేతికివ్వాలి. పాత బ్యాచి రాసిన అర్థాల్లో తప్పులు వెతకమని, ‘పదును’ దగ్గర వాళ్లు వదిలేసిన అర్థం ఏదైనా తమ ఊళ్లో ఉందేమో అడిగి రమ్మని.